ఎరయా, ఆహారమా?

చెరువుగట్టున గాలము వేయువాడు కొక్కెమునకు వానపామును గ్రుచ్చుట మనమందరము చూచినదే. లోపల కొక్కెము దాగియున్నను, వానపాము చేపకు నిజమైన ఆహారమే. అయితే ఆహారము బొత్తిగా లేని ఎర మరియొకటి కలదు. సుమారు 1800 సంవత్సరముల క్రిందట ఏలియన్ అను రోమా రచయిత దానినిగూర్చి వ్రాసెను.

మాసిదోనియ దేశములో బెరయకును థెస్సలొనీకకును మధ్య పారు ఏటిలో ఒంటిమీద చుక్కలుగల చేపలుండెను. అవి ట్రౌట్ అను చేపలని పలువురి తలంపు. నీటిమీద ఎగురు ఒక విధమైన ఈగలను అవి తినుచుండెను. ఆ ఈగను మనుష్యుడు చేతితో ముట్టగానే దాని రంగు పోయి రెక్కలు వాడిపోవును, ఎరకు పనికిరాదు. అందుచేత అక్కడి జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు క్రింద మొలచు మైనపు రంగు ఈకలు రెండు దానికి కట్టి, ఆరడుగుల గడకు అంతే పొడవుగల దారము తగిలించి నీటిమీద వేయుదురు. ఆ రంగు చూచి విందు దొరికెనని చేప నోరు తెరచును. దానికి దొరకునది కొక్కెమే.

చేపలు పట్టువారిని మనము తప్పుపట్టుట లేదు. పేతురును గాలము వేసినవాడే. అయితే ప్రభువు తన శిష్యులను మనుష్యులను పట్టుటకు పిలిచెను గనుక మన యెదుట ఒక ప్రశ్న నిలుచుచున్నది. మంచి కొరకైనను మనుష్యునికి ఈకల ఎర వేయవచ్చునా? మందిరమునకు వచ్చినయెడల రోగము తప్పక పోవును, అప్పు తీరును, ఉద్యోగము దొరకును అని చెప్పవచ్చునా? ముందు రానిండు, తరువాత సత్యము వినును గదా యని కొందరందురు.

అది సరికాదు. ఈకలను చూచి వచ్చినవాడు అవి ఈకలని తెలిసిన దినమున వెళ్లిపోవును. అంతేకాదు, రేపు నిజమైన రొట్టె చూపినను అందులో కొక్కెమును వెదకును. లూకా సువార్తలో ప్రభువు పేతురుతో చెప్పిన 'పట్టుట' అను గ్రీకు మాటకు ప్రాణముతో పట్టుట అని అర్థము. చేపను చంపుటకు పట్టుదురు; మనుష్యుని జీవమునకు పిలువవలెను. అబద్ధముతో జీవమునకు పిలుచుటెట్లు?

అట్లయిన ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుటయు ఎరయేనా? కాదు. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేయగా ఒక్కడే తిరిగి వచ్చెను. అయినను తక్కిన తొమ్మండుగురి స్వస్థతను ఆయన వెనుకకు తీసికొనలేదు. ఈ మనుష్యుడు ఎన్నడును మందిరపు గడప త్రొక్కకపోయినను ఇతనికి అన్నము పెట్టుదుమా? పెట్టుదుమన్నచో అది ప్రేమ. పెట్టమన్నచో అందులో కొక్కెమున్నది.

ఆ ఏటికి ఇరుప్రక్కలనున్న పట్టణములలోనే పౌలు సువార్త ప్రకటించెను. తన బోధలో మోసముగాని ముఖస్తుతిగాని లేదని థెస్సలొనీకయులకు వ్రాసెను. బెరయవారైతే అతడు చెప్పినది నిజమో కాదో యని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. అందునుబట్టి వాక్యము వారిని మెచ్చుకొనుచున్నది. ఏటిలోని చేపలు పరిశోధింపలేదు, చిక్కెను. పరిశోధించినను నిలుచునదే సత్యము.

ఈ మాసమున పొరుగువారిని మందిరమునకు పిలుచునప్పుడు మన చేతిలోనున్నది ఎరయో ఆహారమో పరీక్షించుకొందము. మన చేయి తగిలినను వాడిపోని వాక్యము మనకు ఇయ్యబడియుండగా ఈకలు కట్టవలసిన పనియేమి?