ఉపసంహారం నేర్పే బడి ఏది?

దోమకొండ కోటలో రెండు కాలాలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి కాకతీయుల నాటి మహాదేవాలయం, రెండోది దాని చుట్టూ తర్వాత లేచిన సంస్థానపు గడి. ఆ సంస్థానాన్ని ఏలిన కామినేని వంశానికే చెందిన మల్లారెడ్డి ‘షట్చక్రవర్తి చరిత్రము’ అనే కావ్యం రాశాడు. అందులోని ఆరుగురూ చక్రవర్తులే: హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు. పురాణం తెలిసినవారు ఈ పేర్లను ఒకే వరుసలో చూసి కొంచెం ఆగుతారు. హరిశ్చంద్రుడు రాజ్యం పోయినా మాట తప్పలేదు. కార్తవీర్యుడు వేయి చేతులుండీ జమదగ్ని ఆవు మీద ఆశ చంపుకోలేక పరశురాముడి గొడ్డలికి బలయ్యాడు. ఇద్దరూ రాచపుట్టుక పుట్టినవారే, ఇద్దరూ రాచవిద్యలు నేర్చినవారే. పుట్టుక, చదువు ఒకటే అయినా బలం చేతికొచ్చాక ఒకరు నిలబడ్డారు, ఇంకొకరు నిలబడలేదు. సంస్థానాల కాలంలో దళానికి నాయకుడెవరో పుట్టుక తేల్చేది కాబట్టి, మనిషిని ఎలా తయారు చేసి ఆయుధం ఇవ్వాలన్న ప్రశ్న కావ్యాలకే మిగిలింది. ఈ రోజు అది ప్రతి ఇంటి ముంగిట్లోకి వచ్చింది.

ఎందుకంటే ఇప్పుడు దోమకొండలో ఇంటర్ చదివే పిల్లలకు సైన్యంలో అధికారి కావడానికి పుట్టుకతో పని లేదు. ప్రధానంగా రెండు రకాల దారులున్నాయి. మొదటిది చిన్న వయసులో మొదలయ్యేది. చేరేనాటికి పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసుండేలా ఎన్.డి.ఏ. (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాసి, ఎస్.ఎస్.బి. (ఎంపిక బోర్డు) ఇంటర్వ్యూ గట్టెక్కితే, పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆపైన భూసైన్యానికైతే డెహ్రాడూన్ ఐ.ఎం.ఏ. (ఇండియన్ మిలిటరీ అకాడమీ)లో ఏడాది. రెండోది డిగ్రీ అయ్యాక మొదలయ్యేది. సి.డి.ఎస్. (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ద్వారా నేరుగా డెహ్రాడూన్‌కు గాని, చెన్నైలోని ఓ.టి.ఏ. (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ)కు గాని వెళ్లవచ్చు. ఓ.టి.ఏ.లో శిక్షణ 49 వారాలు. 1962లో చైనాతో యుద్ధం జరిగాక అధికారుల కొరత తీర్చడానికి 1963లో పెట్టిన బడి అది. నాలుగేళ్లు గడిపినవారూ, ఏడాది లోపే ముగించినవారూ చివరికి ఒకే లెఫ్టినెంట్ నక్షత్రాలు భుజాన వేసుకుని బయటికొస్తారు. అలాంటప్పుడు ఆ మూడేళ్ల అదనపు కాలం దేనికి? దాని విలువ ఎంత?

ఈ ప్రశ్నకు మామూలుగా జీతాలు, ప్రమోషన్లు, పెన్షన్ల లెక్కలో జవాబు చెప్తారు. ఆ లెక్క అవసరమే గాని, అకాడమీ తన గురించి తాను చెప్పుకునే మాట వేరు. యుద్ధవిద్య మాత్రమే అయితే 49 వారాల్లో నేర్పవచ్చని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. మిగతా కాలం శీలం తయారు చేయడానికని అకాడమీ వాదన. లేత వయసులో ఇంటి నుంచి, ఊరి నుంచి విడదీసి, నియమంలో పెంచితే ధర్మం ఎముకల్లోకి దిగుతుందని దాని నమ్మకం. కాబట్టి అసలు తేలాల్సింది ఒక తాత్విక ప్రశ్న: ఆయుధం పట్టేవాడి ధర్మాన్ని నాలుగు గోడల మధ్య చిన్నప్పటి నుంచి పెంచగలమా, లేక అది పెద్దయ్యాక మనిషి తనకు తాను ఎంచుకోవాల్సిందా? నా జవాబు ఇది. శీలాన్ని పోతపోస్తుందన్న కారణంగా అకాడమీని గొప్పదనలేం. దాని నిజమైన గొప్పతనం వేరేచోట, అది తెరిచే తలుపులో ఉంది.

మన సంప్రదాయంలో ఈ ప్రశ్నకు అన్నిటికంటే కఠినమైన పరీక్ష సౌప్తిక పర్వంలో జరిగింది. ద్రోణుడి బడి హస్తినాపురపు రాచఖర్చుతో నడిచిన సైనిక విద్యాలయం. అంతకు మించిన గురువు ఆ కాలంలో లేడు. ఆ బడిలోనే చదివిన అశ్వత్థామ, గురువు కడుపున పుట్టినవాడు, యుద్ధం ముగిసిన రాత్రి శిబిరంలో జొరబడి నిద్రపోతున్న ఉపపాండవులను చంపాడు. ఆ తర్వాత బ్రహ్మశిరోస్త్రం వేశాడు. అర్జునుడూ అదే అస్త్రంతో ఎదురు నిలిచాడు. వ్యాసుడు, నారదుడు నడుమ నిలబడి లోకం కాలిపోతుందని వారించినప్పుడు అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు. అశ్వత్థామకు అది చేతకాలేదు. ఇద్దరికీ గురువు ఒక్కడే, ఇద్దరికీ మంత్రం ఒక్కటే. వేయడం ఇద్దరికీ వచ్చింది, ఉపసంహరించడం ఒక్కడికే వచ్చింది. ఆ శక్తి అర్జునుడికి సొంత వ్రతనిష్ఠ వల్ల దక్కిందని భారతం చెప్తుంది. కొడుకు స్వభావం తెలిసిన ద్రోణుడు ఆ అస్త్రాన్ని మనసొప్పకుండానే ఇచ్చాడని కూడా చెప్తుంది. అంటే ఆ బడి పెద్దకే తన బడి మీద పూర్తి నమ్మకం లేదు.

ఇది పురాణమే కదా, చరిత్ర ఏం చెప్తుందని అడగవచ్చు. చరిత్రా అదే చెప్తుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన డయ్యర్ బ్రిటన్ సైనిక అకాడమీ సాండ్‌హర్స్ట్‌లో చదివి 1885లో కమిషన్ పొందినవాడు. పంజాబంతటా ప్రభావం పడాలనే కాల్చానని విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు తడబడకుండా చెప్పినవాడు. వియత్నాంలో 1968 మార్చి 16న జరిగిన మై లాయ్ హత్యాకాండ ఇంకా లోతుగా ఆలోచింపజేస్తుంది. అక్కడ ఊరివాళ్లను చంపించిన అమెరికా లెఫ్టినెంట్ కాలీ కొద్ది నెలల ఆఫీసర్ కోర్సు నుంచి వచ్చినవాడు. చూశారా, హడావిడి శిక్షణ ఫలితం ఇదేనని అకాడమీ పక్షం వారు అంటారు. కానీ కాలీ పనిచేసిన డివిజన్‌కు అధిపతి జనరల్ కోస్టర్ అమెరికా సైనిక అకాడమీ వెస్ట్ పాయింట్ పట్టభద్రుడు. జరిగినదాన్ని కప్పిపుచ్చాడన్న అభియోగం వచ్చేనాటికి ఆయన ఆ వెస్ట్ పాయింట్‌కే అధిపతి. 1970లో ఆ పదవి వదులుకోవాల్సి వచ్చింది, అభియోగాలు కొట్టేసినా తర్వాత ఆయన ర్యాంకు తగ్గించారు. మరి ఆ రోజు హెలికాప్టర్‌ను సైనికులకూ ఊరివాళ్లకూ మధ్య దించి, మిగిలినవారి ప్రాణాలు కాపాడింది ఎవరు? హ్యూ థామ్సన్ అనే వారెంట్ ఆఫీసర్. అకాడమీ గడప తొక్కని పైలట్. ఒకే ఘటనలో చిన్న కోర్సు ఓడిపోయింది, పెద్ద అకాడమీ ఓడిపోయింది. ఏ పెద్ద పేరూ లేని దారిన వచ్చినవాడు నిలబడ్డాడు. దారికీ ధర్మానికీ ముడి వేయలేమనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెలుగు నేలనే చూసినా రెండు దారులూ ఒకే ఎత్తుకు చేరిన సందర్భం ఉంది. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ సైనిక పాఠశాల, ఎన్.డి.ఏ., ఐ.ఎం.ఏ.ల మీదుగా 2004లో బీహార్ రెజిమెంట్‌లో చేరాడు. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడయ్యాడు. హైదరాబాద్‌లో పుట్టిన మేజర్ పద్మపాణి ఆచార్య ఉస్మానియాలో డిగ్రీ చదివి, చెన్నై శిక్షణతో 1994లో రాజ్‌పుతానా రైఫిల్స్‌లో చేరాడు. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో గాయాలతో కదల్లేని స్థితిలో కూడా తనను వదిలి ముందుకు పొమ్మని జవాన్లను ఆదేశించి నేలకొరిగాడు. ఇద్దరికీ మరణానంతరం దక్కింది ఒకే పతకం, మహావీర్ చక్ర. ఇద్దరి ఉదాహరణతో సిద్ధాంతం నిలబడదన్నది నిజమే. కానీ చిన్న దారి రెండో తరగతి దారి అనే సిద్ధాంతాన్ని కూల్చడానికి ఒక్క ఆచార్య చాలు. గల్వాన్‌లో ఇంకో సంగతి ఉంది. మన సైనికుల దగ్గర తుపాకులున్నా, 1996, 2005 ఒప్పందాల ప్రకారం వాటిని వాడలేదని ఆనాడు విదేశాంగ మంత్రి చెప్పారు. అది ఉపసంహార ధర్మమే. అయితే అందులో ఒక మనిషి చదివిన బడి ఎంతో, ఆజ్ఞల వరుస, ఒప్పందాల కట్టడి, రెజిమెంట్ అలవాటు అంతకు మించి పని చేశాయి. అధికారిని మలిచేది కమిషన్‌కు ముందటి నాలుగేళ్ల కన్నా కమిషన్ తర్వాతి ఇరవై ఏళ్లు.

దీనికి గట్టి అభ్యంతరం అరిస్టాటిల్ నుంచి వస్తుంది. మంచి పనులు చేయగా చేయగానే మంచివాళ్లమవుతామని, చిన్ననాటి అలవాటే అన్నిటికంటే ముఖ్యమని ఆయన వాదించాడు. ఆయన గురువు ప్లేటో కూడా రాజ్యరక్షకులను పసితనం నుంచే వేరుగా పెంచాలన్నాడు. తెల్లవారుజామున లేవడం, అబద్ధం చెప్పకపోవడం, తనకంటే ముందు తోటివాడికి పెట్టడం, ఇవన్నీ వయసు ముదిరాక నేర్చుకోవడం కష్టమే. ఈ మాట ఒప్పుకోవాలి. మూడు దళాల పిల్లలు ఖడక్‌వాస్లాలో ఒకే కంచంలో తిన్నట్టు పెరగడం వల్ల పుట్టే స్నేహం ముప్పై ఏళ్ల తర్వాత యుద్ధ ప్రణాళికల గదిలో అక్కరకొస్తుందన్నదీ ఒప్పుకోవాలి. కానీ అదే అరిస్టాటిల్ ఇంకో మాటా అన్నాడు. కుర్రవాళ్లు గణితంలో ఆరితేరగలరు గాని, ఏ సందర్భంలో ఏది చేయాలో తేల్చే వివేకం అనుభవం లేకుండా రాదన్నాడు. సైన్యాధికారికి కావలసిన అసలు గుణం ఈ రెండోదే. అలవాటు ఆజ్ఞ పాటించడం నేర్పుతుంది. ఆజ్ఞ తప్పయినప్పుడు ఏం చేయాలో అలవాటు చెప్పదు. కళాశాలలో నాలుగు రకాల మనుషులతో వాదులాడి, ఇంటి బాధ్యతలు చూసి, ఇరవై రెండేళ్లకు తెలిసి తెలిసి ఈ వృత్తిలోకి వచ్చినవాడు ఆ వివేకానికి ముడిసరుకు వెంట తెచ్చుకుంటాడు.

రెండో అభ్యంతరం లెక్కల్లోంచి వస్తుంది. పై పదవుల్లో ఉన్నవారిలో ఎన్.డి.ఏ. వారే ఎక్కువ. 2024లో సైన్యానికీ నౌకాదళానికీ అధిపతులైన ఇద్దరూ రీవా సైనిక పాఠశాలలో ఒకే తరగతి పిల్లలు, ఇద్దరూ ఎన్.డి.ఏ. వారే. మరి అది శిక్షణ బలం కాదా? కొంతవరకు కావచ్చు. కానీ ఓ.టి.ఏ. నుంచి వచ్చే షార్ట్ సర్వీస్ అధికారిని, శాశ్వత కమిషన్ దక్కకపోతే, పదేళ్లకు, పొడిగిస్తే పద్నాలుగేళ్లకు ఇంటికి పంపే పద్ధతి పెట్టుకుని, పై మెట్టు మీద అతను కనిపించడం లేదనడం న్యాయం కాదు. మెట్లు ఎక్కే కాలమే అతనికి ఇవ్వలేదు. ఆ కాలం ఇచ్చిన చోట ఏమవుతుందో అమెరికాలో చూశాం. న్యూయార్క్ సిటీ కాలేజీలో మామూలు డిగ్రీ చదువుతూ ఆర్.ఓ.టి.సి. అనే సైనికాధికారుల శిక్షణ పొందిన కాలిన్ పావెల్ 1989లో ఆ దేశపు సర్వసేనాధిపతుల మండలికి అధ్యక్షుడయ్యాడు. ఇజ్రాయెల్‌లోనైతే అధికారులను ప్రధానంగా సిపాయిల్లోంచే ఏరుకుంటారు.

మరి అకాడమీ అక్కర్లేదా? అక్కరే, కాని కారణం వేరు. ద్రోణుడి బడి చేసిన అసలు పాపం అశ్వత్థామను తయారు చేయడం కాదు, ఏకలవ్యుడిని గడప బయట ఆపడం. ప్రజాస్వామ్యపు అకాడమీ ఆ పాపానికి ప్రాయశ్చిత్తం. డిగ్రీ చదివించే స్తోమత లేని రైతు ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడికి ప్రభుత్వ ఖర్చుతో మూడేళ్ల చదువు, జె.ఎన్.యు. పట్టా, అధికారి హోదా ఇచ్చే ఇలాంటి దారులు చాలా అరుదు. 1962లో విజయనగరం రాజుల కోరుకొండ ప్యాలెస్ సైనిక పాఠశాలగా మారడంలోనే ఆ మార్పు ఉంది. కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక పాఠశాల, భువనగిరిలో ఆడపిల్లల కోసం సాయుధ దళాల సన్నాహక డిగ్రీ కళాశాల పుట్టిందీ ఈ ఆలోచనతోనే. భువనగిరి కళాశాల మొదలైననాటికి ఎన్.డి.ఏ. తలుపు ఆడపిల్లలకు మూసే ఉంది. అందుకే అది డిగ్రీ దారిని ఎంచుకుంది. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఆ తలుపు తెరుచుకుంది, 2025 మేలో తొలి జట్టు అమ్మాయిలు ఎన్.డి.ఏ. నుంచి పట్టాలతో బయటికొచ్చారు. మూసిన తలుపు పక్కన రెండో దారి ఉండటం ఎంత అవసరమో ఈ చరిత్రే చెప్తుంది.

తలుపు తెరవడం న్యాయమైతే, లోపలికొచ్చినవాడి సమ్మతిని గౌరవించడం ధర్మం. పదహారున్నరేళ్ల పిల్లవాడు ప్రాణం పణంగా పెట్టే వృత్తికి మాట ఇవ్వగలడా? సన్న్యాసం విషయంలో మన పెద్దలు ఇదే ప్రశ్నతో కుస్తీ పట్టారు. ఆశ్రమాలు వరుసగా దాటాకే సన్న్యసించమన్న జాబాలోపనిషత్తే, వైరాగ్యం కలిగిన రోజే బయలుదేరవచ్చనీ అన్నది. బౌద్ధ వినయం ఇంకా ఆచరణకు దగ్గరగా తేల్చింది. రాహులుడికి దీక్ష ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు బాధపడటంతో, తల్లిదండ్రుల అనుమతి లేనిదే పిల్లలకు దీక్ష ఇవ్వవద్దని బుద్ధుడు నియమం పెట్టాడు. చిన్నవాడు సామణేరుడిగా ఉండవచ్చు, ఇరవై ఏళ్లు నిండాకే పూర్తి భిక్షువు. నడుమ వెనక్కి వెళ్లినా అప్పు పడడు. మన ఎన్.డి.ఏ. నియమాలు దీనికి సగం దూరంలో ఆగిపోయాయి. తల్లిదండ్రుల సంతకం అడుగుతారు, నిజమే. కానీ ఆ సంతకం శిక్షణలో దెబ్బ తగిలితే పరిహారం అడగబోమని, నడుమ మానేస్తే ఖర్చు తిరిగి కడతామని. శిక్షణలో వికలాంగులై ఇంటికి చేరిన క్యాడెట్లను మాజీ సైనికులుగా లెక్కించకపోవడం ఎంత పెద్ద సమస్య అయ్యిందంటే, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. సైనికుడి నియమం మొదటి రోజు నుంచే వర్తించి, సైనికుడి హక్కు మాత్రం కమిషన్ నాటి దాకా వర్తించకపోవడం ధర్మంలో లోటు. ఖర్చు మాఫీ చేస్తే ఉచిత చదువు కోసం వచ్చి పారిపోతారని కొందరి భయం. ఎస్.ఎస్.బి. జల్లెడ దాటి, ఖడక్‌వాస్లా ఉదయాలు భరించి చదువుకోవాలనుకునేవారు అంతమంది ఉండరు. ఒకవేళ ఉన్నా, మనసు లేనివాడిని అప్పు భయంతో కట్టేసి జవాన్ల ప్రాణాలు అతని చేతిలో పెట్టడం కంటే ఆ ఖర్చు చవక.

కాబట్టి దోమకొండలో ఒక ఇంట్లో ఈ చర్చ వస్తే, చెప్పదగిన మాట సూటిగానే ఉంది. పిల్లవాడికి ఆ ఆసక్తి తనంతట తనకు కలిగి, ఇంట్లో పైచదువుకు స్తోమత లేకపోతే, అకాడమీకి సాటి వచ్చేది లేదు. మనసు ఇంకా ఊగుతుంటే, డిగ్రీ అయ్యేదాకా ఆగడంలో నష్టమేమీ లేదు, చెన్నై దారి చిన్నతనమూ కాదు. ప్రభుత్వానికి చెప్పదగిన మాట ఇంకా సూటిగా ఉంది. రెండు దారులకూ ఒకే గౌరవం, ఎదగడానికి ఒకే కాలం ఇవ్వాలి. ఇరవై ఏళ్లు నిండిన క్యాడెట్‌ను అప్పు భయం లేకుండా మరోసారి అడగాలి. శిక్షణలో గాయపడినవాడిని సైనికుడిగానే చూడాలి. ఇవన్నీ చేసినా ఏ బడీ అర్జునుణ్ణే తయారు చేస్తానని హామీ ఇవ్వలేదు. ఆ సంగతి ఒప్పుకున్న బడే తన పట్టభద్రుల మీద నిఘా, విచారణ, చట్టం అవసరమని కూడా ఒప్పుకుంటుంది, అశ్వత్థామ బయటికొచ్చిన రోజున అతన్ని తన కొడుకని వెనకేసుకురాకుండా ఉంటుంది.