గానుగ ఎవరు తిప్పారు?

నూనెకి కూడా ఒక మ్యూజియమా అని మీరు నవ్వుకోవచ్చు. రాజుల కత్తులకీ, రాణుల నగలకీ మ్యూజియం వుందంటే అర్థముంది. పొద్దున్న లేస్తే పోపులోకీ, దీపంలోకీ, పిల్లల తలకీ పోసే నూనెకి మేడ కట్టి, టిక్కెట్టు పెట్టి చూపించడమేమిటి? కాని అలాంటి మ్యూజియం వుంది. గ్రీసు దేశంలో, టేగెటస్ కొండల కింద వున్న స్పార్టా పట్నంలో, పాత కరెంటు కంపెనీ భవనాన్ని బాగుచేసి 2002లో తెరిచారు. పిరేయస్ బ్యాంకు వారి సాంస్కృతిక ప్రతిష్ఠానం దాన్ని నడుపుతోంది. ఆలివ్ చెట్టు చరిత్ర, ఆ నూనె చరిత్ర తప్ప అందులో మరో సంగతి లేదు.

నేనూ మా వదినగారూ కలిసి వెళ్ళాం. ఆవిడకి మ్యూజియాలంటే అంత ఇష్టం లేదు, కాళ్ళు లాగుతాయంటారు. "ఇంత దూరం వచ్చి గానుగ చూడ్డమేమిటి వదినా? మా పుట్టింటి వీధిలో లేదూ?" అన్నారు లోపలికి అడుగు పెడుతూనే. అన్నారేగాని అందరికంటే శ్రద్ధగా చూసిందీ ఆవిడే. ముప్ఫై ఏళ్ళు వంటింట్లో నూనె కొలిచిన చెయ్యి మరి!

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. మన 'నూనె' అన్న మాట నువ్వుల నెయ్యిలోంచి పుట్టిందంటారు భాష తెలిసినవాళ్ళు. నువ్వూ నెయ్యీ కలిసి నూనె అయింది. సంస్కృతంలో తైలమూ అంతే, తిలల నుంచి వచ్చింది. అటు గ్రీకులు ఆలివ్ చెట్టుని 'ఎలాయా' అన్నారు. ఆ మాటే లాటిన్ మీదుగా నడిచి వెళ్ళి ఇంగ్లీషులో 'ఆయిల్' అయి కూర్చుంది. మనం వేరుశనగ నూనె అన్నప్పుడు తెలియకుండానే నువ్వుల్ని తలుచుకుంటున్నాం. వాళ్ళు కొబ్బరినూనెని ఆయిల్ అన్నప్పుడు ఆలివ్‌ని తలుచుకుంటున్నారు. మొదట నూనె ఇచ్చిన గింజనీ కాయనీ భాష ఇన్ని వేల ఏళ్ళయినా మరిచిపోలేదన్నమాట. మరి వాటిని పిండిన మనిషినో? మ్యూజియం చూసినంతసేపూ, చూసి వచ్చిన తరవాతా నన్ను వదలని ప్రశ్న ఇదే.

మేడమీద గదుల్లో చెట్టు కథ వుంది. సాంతొరీని ద్వీపంలో దొరికిన ఆలివ్ ఆకుల శిలాజాలు చూపిస్తారు. యాభై అరవై వేల ఏళ్ళనాటివట. అగ్నిపర్వతపు బూడిదలో పడిన ఆకు, ఈనెలతో సహా అచ్చుపోసినట్టు నిలిచిపోయింది. తరవాత నూనె మనిషికి ఎన్ని విధాల పనికొచ్చిందో వరసగా చెబుతారు. అన్నంలోకి, దీపంలోకి, మందులోకి, సబ్బులోకి. మల్లయుద్ధం చేసేవాళ్ళు ఒళ్ళంతా నూనె పట్టించుకుని, ఆట అయ్యాక ఆ జిడ్డునీ దుమ్మునీ వంకర తిరిగిన లోహపు పలకతో గీకేసుకునేవారు. "మన దీపావళి తలంటులాంటిదే, నలుగుపిండి ఒక్కటే తక్కువ" అన్నారు వదినగారు.

కింది అంతస్తులోనూ, బయట ఆవరణలోనూ వున్నవి గానుగలు. చరిత్రకి పూర్వం నాటి పద్ధతి, గ్రీకుల కాలం నాటిది, బైజాంటియం కాలం నాటిది, ఒక్కొక్కదానికీ నమూనా కట్టి పెట్టారు. పని తెలుసుకుంటే చాలా తేలికే. కాయల్ని రాతికింద నలిపి ముద్ద చెయ్యాలి. ఆ ముద్దని మేక వెంట్రుకలతో నేసిన సంచుల్లోకి ఎత్తి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన పెద్ద దూలంతో అదమాలి. వేడినీళ్ళు పోస్తే మిగిలిన నూనె కూడా వదులుతుంది. కారినదంతా తొట్టిలో పడ్డాక నీళ్ళు అడుగునా, నూనె పైనా నిలుస్తాయి. పైది తీసుకోవడమే. చెప్పడానికి అయిదు వాక్యాలు. చెయ్యడానికో? సుమారు అయిదు కిలోల కాయ నలిగితే గాని ఒక లీటరు నూనె రాదు. కాయ కోతకొచ్చేది చలికాలంలో. మగవాళ్ళు కర్రలతో కొమ్మల్ని కొడుతుంటే, తడినేల మీద వంగి రాలిన కాయల్ని ఒక్కొక్కటే ఏరడం చాలా పల్లెల్లో ఆడవాళ్ళ వంతు.

ఒక పెద్ద రాతిచక్రం దగ్గర వదినగారు ఆగిపోయారు. చేత్తో నిమిరి చూడబోయి, ముట్టుకోకూడదేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "దీన్నెవరు తిప్పేవారు వదినా?" అన్నారు.

రాయి వుంది. దూలం వుంది. సంచి వుంది. తిప్పినవాళ్ళు లేరు. అది మ్యూజియం తప్పనను. రాయి నిలుస్తుంది, మనిషి నిలవడు. కాని నీడలో, శుభ్రంగా తుడిచిన నేలమీద నిలబెట్టిన ఆ గానుగ ఎంత అందంగా వుందో చెప్పలేను. కష్టం వెళ్ళిపోయి పనిముట్టు మిగిలితే అది అందంగానే వుంటుంది. మన ఇళ్ళల్లోనూ అంతే చూడండి. రోలూ తిరగలీ వంటింట్లో వున్నన్నాళ్ళూ చేతులకి కాయలు కాయించాయి. ఇప్పుడు ముందు హాల్లో పూలకుండీ పక్కన నిలబడి ముచ్చట గొలుపుతున్నాయి.

పేర్లు నిలవకపోవడానికి కాలం ఒక్కటే కారణమా? ఆ మాట తేల్చుకోవాలంటే టేగెటస్ కొండలు దాటి పడమటికి, సముద్రం ఒడ్డునున్న పైలోస్ దాకా వెళ్ళాలి. 1939లో అక్కడ కార్ల్ బ్లెగన్ అనే అమెరికన్ తవ్వితే, ఒక రాజభవనమూ, అందులో మట్టిపలకల మీద గీసిన లెక్కలూ బయటపడ్డాయి. అవి శాశ్వతంగా వుంచాలని రాసినవి కావు. ఆ ఏటి పద్దులు, అంతే. సుమారు క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో ఆ భవనం కాలిపోయింది. ఆ మంటలో పచ్చిపలకలు ఇటుకల్లా కాలి గట్టిపడి మనదాకా వచ్చాయి. 'లీనియర్ బి' అనే ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి చదివాడు. ఆయనకి దారి వేసినవాళ్ళలో ఆలిస్ కోబర్ అనే అమెరికన్ అధ్యాపకురాలు ఒకరు. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఆ లిపి సంగతులన్నీ చిన్న చిన్న కాగితాల మీద రాసి సిగరెట్ పెట్టెల్లో దాచుకుంటూ ఏళ్ళ తరబడి శ్రమపడింది. లిపి చదవడానికి రెండేళ్ళ ముందు, 1950లో, నలభై మూడేళ్ళకే కన్నుమూసింది. చాలాకాలం ఆమె పేరు పండితులకి తప్ప ఎవరికీ తెలియలేదు.

ఆ పలకల్లో ఏముంది? నూనె వుంది. గులాబీ వాసన వేసిన నూనె ఇంత, మరో సుగంధపు ఆకు వేసి కాచిన నూనె ఇంత, ఫలానా దేవతకి ఇంత, అని చెంచాడు పొల్లుపోకుండా లెక్క. సుగంధ తైలాలు కాచే నలుగురు మగవాళ్ళ పేర్లు కూడా వున్నాయి. మరికొన్ని పలకల్లో భవనం కోసం పనిచేసే ఆడవాళ్ళ లెక్క వుంది. పిండి విసిరేవాళ్ళు ఇందరు, నూలు వడికేవాళ్ళు ఇందరు, స్నానాల గది పనివాళ్ళు ఇందరు, వాళ్ళకి ఆడపిల్లలు ఇందరు, మగపిల్లలు ఇందరు, తిండికి ధాన్యం ఇంత, అత్తిపళ్ళు ఇన్ని. మొత్తం ఏడువందలకు పైగా స్త్రీలు. ఒక్కరి పేరూ లేదు. చేసే పనే పేరు, లేదా ఎక్కడినుంచి వచ్చారో ఆ వూరే పేరు. యుద్ధాల్లో పట్టుకొచ్చినవాళ్ళో, కొనుక్కొచ్చినవాళ్ళో అయివుంటారని చాలామంది పండితుల అభిప్రాయం. వాళ్ళ కొడుకులు పెద్దవాళ్ళయ్యాక కూడా ఫలానా పనిచేసే ఆడవాళ్ళ కొడుకులు అనే రాశారు.

పేరు రాయడం తెలియక కాదు సుమండీ! ఎరితా అనే పూజారిణికి ఊరివాళ్ళతో భూమి తగాదా వస్తే ఆమె పేరు శుభ్రంగా రాసిపెట్టారు. భూమి వుంటే పేరుంది. చాకిరీ ఒక్కటే వుంటే సంఖ్య వుంది. అంటే మరుపు అనేది చనిపోయాక మొదలయ్యేది కాదు. మనిషి ఎదురుగా నిలబడి పనిచేస్తున్నప్పుడే మొదలవుతుంది.

స్పార్టా కథా ఇలాంటిదే. స్పార్టా పౌరుడు పొలం దున్నడు, వ్యాపారం చెయ్యడు. యుద్ధవిద్యే అతని పని. సహపంక్తి భోజనానికి అతను నెలనెలా ఇవ్వాల్సిన బార్లీ పిండి, ద్రాక్షసారా, జున్ను, అత్తిపళ్ళు హెలట్లనే కట్టుబానిసలు పండించి పెట్టేవారు. స్పార్టా అధికారులు ఏటేటా ఆ హెలట్ల మీద యుద్ధం ప్రకటించేవారని అరిస్టాటిల్ చెప్పినట్టు ప్లూటార్క్ రాశాడు. అలా ప్రకటిస్తే వాళ్ళని చంపినా పాపం అంటదట! అటు ఏథెన్సులో పవిత్రమైన ఆలివ్ చెట్టుని నరికితే పూర్వం మరణశిక్ష వుండేది. ఒక వూళ్ళో చెట్టుకి దొరికిన రక్షణ పక్క వూళ్ళో మనిషికి దొరకలేదు.

స్పార్టా స్త్రీల గురించి మనం గొప్పగా విన్నాం. పరుగులు తీశారు, కుస్తీలు పట్టారు, మిగతా గ్రీకు స్త్రీలలాగా మూల కూర్చుని నూలు వడకలేదు. నిజమే. కాని అదే సంగతి చెప్పిన జెనోఫోన్ ఇంకో మాటా చెప్పాడు. బట్టలు తయారు చెయ్యడానికి బానిస స్త్రీలు చాలునని అక్కడి శాసనకర్త తలచాడట. ఒక స్త్రీ చేతిలోంచి కదురు దిగిందంటే అది ఇంకో స్త్రీ చేతిలోకి వెళ్ళింది. ఇది చదివినప్పుడు నాకు స్పార్టా అంత దూరంగా అనిపించలేదు. మన ఇళ్ళల్లో చదువుకుని ఉద్యోగాలకి వెళ్ళే ఆడవాళ్ళ వెనక, గుమ్మంలో ముగ్గువేసి గిన్నెలు తోమే ఇంకో ఆడమనిషి లేదూ?

"అలాగంటే ఎలా? మనం జీతం ఇస్తున్నాం. బానిసల్ని చేశామా?" అన్నారు వదినగారు. ఆ మాటలో న్యాయముంది. కొన్న మనిషికీ, కూలి తీసుకుని ఇష్టం లేకపోతే మానేసి వెళ్ళగలిగిన మనిషికీ వున్న తేడా చిన్నది కాదు. ఆ తేడా కోసం లోకంలో ఎంతమంది పోరాడారో! ఒకరి శ్రమని ఇంకొకరు అనుభవించడమే పాపమైతే ఎవరమూ అన్నం ముట్టలేం. దర్జీ కుట్టిన రవిక తొడుక్కోలేం. ఇచ్చిపుచ్చుకోవడమే సంసారం.

యంత్రం వచ్చి ఈ బాధ తీర్చేసిందిగా అనీ అనచ్చు. చాలావరకు తీర్చింది. మ్యూజియంలో రాతిచక్రం తరవాత ఆవిరి యంత్రం, దాని తరవాత కరెంటు యంత్రం వస్తాయి. గాడిద నడుమూ, మనిషి నడుమూ కాస్త లేచాయి. అందుకే "ఆ రోజుల్లో గానుగనూనె రుచే వేరు" అని నిట్టూర్చేవాళ్ళతో నేను సగమే ఏకీభవిస్తాను. రుచి నిజమే. ఆ రుచిని ఎవరు మోశారో కూడా చెబితే మాట పూర్తవుతుంది. అయితే యంత్రం గానుగని తిప్పగలదు గాని, ఇన్నాళ్ళూ తిప్పిన మనిషి పేరు అడగలేదు. అది మన పని.

కనక ధర్మం ఎక్కడుందంటే, అనుభవించడం మానెయ్యడంలో లేదు, ఎవరివల్ల అనుభవిస్తున్నామో తెలిసి అనుభవించడంలో వుందని నాకనిపిస్తుంది. తెలిస్తే చాలునా? చాలదు. పేరు తెలిసి సెలవివ్వకపోతే ఆ పేరువల్ల ఆమెకి ఒరిగేదేముంది? కాని పేరు తెలియనివాళ్ళకి సెలవివ్వాలని అసలు తోచదు. సంఖ్యకి జ్వరం రాదు, సంఖ్య పిల్లాడికి పరీక్షలుండవు, సంఖ్య కూర్చోవడానికి కుర్చీ అడగదు. పేరున్న మనిషికి ఇవన్నీ వుంటాయి. పైలోస్ గుమాస్తా దుర్మార్గుడై వుండడు పాపం. పేరు రాస్తే పలక నిండిపోతుందనుకున్నాడేమో. అవసరం లేదనుకోవడంతోనే అన్యాయం సగం జరిగిపోతుంది.

మన ఇళ్ళల్లో గోడ కాలెండరు మీదో, చిన్న నోటుపుస్తకంలోనో నెల పద్దులు రాసుకుంటాం. పాలు ఇంత, పేపరు ఇంత, ఇస్త్రీ ఇంత, పనిమనిషి ఇంత. ఆమె నాగా పెట్టిన రోజులకి సున్నాలు చుడతాం. మూడువేల ఏళ్ళ తరవాత ఎవరైనా తవ్వి ఆ పుస్తకాన్ని చదివితే, మన నూనె ఎన్ని లీటర్లో, ఏ కంపెనీదో తెలిసిపోతుంది. గిన్నెలు తోమిన మనిషి ఎవరో తెలియదు. ఆమె కొడుకు బడికి వెళ్ళాడో లేదో అసలే తెలియదు. వచ్చే నెల పేజీ ఇంకా ఖాళీగానే వుంది. 'పనిమనిషి' అన్నచోట ఆమె పేరు రాసి, ఆ పక్కన ఆదివారాలు నాలుగూ సెలవని రాయడానికి ఒక్క వరస చాలు.