కోట యెవరికి రక్ష?

కోటల చరిత్రలు చదువునపుడు మనకు సాధారణముగా రెండు ప్రశ్నలకే సమాధానము దొరకును: దానిని కట్టినదెవరు, పట్టినదెవరు అని. అది యెవరిని కాపాడెనని అడుగువారు అరుదు. ధర్మము నాలోచించువారు మొదట అడుగవలసినది ఆ ప్రశ్నయే.

మన తీరమందలి మచిలీబందరు కోటను దృష్టాంతముగా గైకొందము. 18వ శతాబ్దమున ఫ్రెంచివారు దానిని తమ యధీనమున నుంచుకొని, ప్రాకారములతోపాటు చుట్టునున్న బురదనేలను సైతము తమకు కాపుగా నమ్మిరి. 1759 ఏప్రిలులో ఆంగ్లసేనాని కర్నల్ ఫోర్డు, తన సేనకంటె పెద్దదియగు సేన లోపల నున్నను, రాత్రివేళ దాడిచేసి కోటను పట్టెను. మరుసటి నెలలో సలాబతుజంగు సంధి చేసికొని బందరు ప్రాంతమును ఆంగ్లేయులకు వదలెను. ఈ ముట్టడి చరిత్రగ్రంథములలో సవిస్తరముగా వర్ణింపబడినది.

105 ఏండ్ల పిమ్మట, 1864 నవంబరు 1వ తేది రాత్రి, సముద్రమే బందరుపైకి దండెత్తి వచ్చెను. ఆ యుప్పెనలో పట్టణమునను పరిసర గ్రామములలోను సుమారు 30,000 మంది మృతిచెందిరి. పరసైన్యములకొరకు కట్టిన కోట ఈ శత్రువున కడ్డు నిలువలేదు. ఫోర్డు పేరు నేటికిని మన మెరుగుదుము. ఆ వేలమందిలో ఒక్కరి పేరైనను మనలో నెందరికి తెలియును?

"కోట రాజ్యరక్షణకు కట్టినది, ఉప్పెన నాపలేదని దానిని నిందింపనేల?" యని కొందరందురు. నిజమే. కాని ఇటుకలు, సున్నము మోసినవారు సామాన్యజనులు కారా? పన్నులిచ్చినవారు రైతులు, వర్తకులు కారా? శ్రమ యందరిదియు రక్ష కొందరిదియు నైనచో నది న్యాయ మనిపించుకొనదు.

కోనసీమవారికి ఇది కేవలము పుస్తకములలోని విచారము గాదు. 1996 నవంబరు 6వ తేది రాత్రి తుపాను కాకినాడకు దక్షిణమున తీరము దాటినపుడు, ఐ.పోలవరము మండలములోని భైరవపాలెము మొదలగు మత్స్యకార గ్రామములు మిక్కిలి దెబ్బతినెను. ఇట్టి తీరమునకు నేటి కోట యనదగినది తుపాను రక్షణ భవనమే. దానికి బురుజులు లేవు, ఫిరంగులు లేవు. పాతకోట తలుపు పరులను వెలుపల నుంచుటకు పుట్టినది. ఈ తలుపు వచ్చినవారి నందరిని లోనికి రానిచ్చుటకు పుట్టినది.

అయినను భవనము కట్టినంతమాత్రమున పని ముగియలేదు. తాళపుచెవి యెవరియొద్ద నున్నదో ఊరివారందరికి తెలియునా? వృద్ధులు, గర్భిణులు మెట్లెక్కగలరా? లోపల చేరినవారు కులమునుబట్టి, కలిమినిబట్టి మూలలు పంచుకొందురా, లేక పక్కపక్కనే చాపలు పరచుకొందురా? సుఖదినములలో వేరువేరుగా కూర్చుండుటకు అలవాటుపడినవారు, గాలివాన రాత్రి ఒక్కసారిగా కలిసి కూర్చుండుట నేర్వజాలరు. ఇంటిలో పెద్దలు పనివారిని, పొరుగువారిని ఎట్లు పలుకరింతురో పిల్లలు చూచుచునే యుందురు. ఆపద్దినమున ఆ తలుపు తీయవలసినవారు ఆ పిల్లలే.