కన్ను వ్రాయుట శ్రేయస్కరమా?

శ్రీవిష్ణుధర్మోత్తరపురాణమునందలి చిత్రసూత్రమున చిత్రకళ పుట్టుకను గూర్చి ఒక చక్కని కథ కలదు. తపమొనరించుచున్న నారాయణమహర్షిని చలింపజేయుటకై అప్సరసలు వచ్చిరి. ఆయన కోపింపలేదు, శపింపలేదు. మామిడిరసముతో ఒక స్త్రీరూపమును వ్రాసెను. ఆ రూపమే ఊర్వశి. ఆమె సౌందర్యమును చూచి వచ్చినవారందఱును సిగ్గుపడి మరలిపోయిరి. ఈ కథను బట్టి చిత్రకారులలో మొదటివాడు నారాయణుడే. ఇది తెలిసియుండియు, బొమ్మ వ్రాయుచున్న మా మనుమరాలిని నేను మందలించితిని. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు ఆ తప్పిదమే కారణము.

ఆ పిల్లకు పదునాలుగేండ్లు. సాయంకాలము నేను వసారాలో కిటికీ కెదురుగా కూర్చుండి శ్రీభాష్యము చూచుకొను వేళ, తాను ఒక ప్రక్కగా చేరి, నాలుగైదు పెన్సిళ్లు ముందు పెట్టుకొని వ్రాయుచుండెడిది. రాముని గాదు, కృష్ణుని గాదు. ఒక మానవుని కన్ను. ఒక్కటే కన్ను. పది దినములు గడచినను ఆ కన్నే. వ్రాయుట, రబ్బరుతో చెఱపుట, మరల వ్రాయుట. చూచి చూచి ఒకనాడు, "తల్లీ, పెరుమాళ్ళ కన్నులు వ్రాయరాదా? మనిషి కన్ను ఎంత బాగుగా వ్రాసినను అది శ్రేయస్కరము కాదని శుక్రనీతి చెప్పుచున్నది" అంటిని. దేవతాబింబము లక్షణములు తక్కువైనను మేలు చేయుననియు, మర్త్యబింబము లక్షణయుక్తమైనను మేలు చేయదనియు ఆ గ్రంథాభిప్రాయము. పిల్ల మాఱుమాట పలుకలేదు. పుస్తకము మూసికొని లోపలికి పోయినది. మఱునాడు వసారాలోనికి రాలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శుక్రనీతి తప్పని నేననను. కాని ఆ మాట పూజార్హమైన బింబమును గూర్చినది. మనుష్యుని ప్రతిమను నిలిపి దానికి మ్రొక్కుట వేఱు, మనుష్యుని ముఖమును శ్రద్ధతో చూచుట వేఱు. నేను శాస్త్రమును దాని చోటునుండి పెఱికి, ఒక చిన్నపిల్ల మీదికి విసరితిని. పండితులమనిపించుకొన్నవారికి ఇది సులభముగా అబ్బు దోషము.

అప్పుడు ధనుర్దాసుని వృత్తాంతము మనస్సునకు వచ్చినది. ఉఱైయూరి మల్లుడైన ఆయన తన భార్య పొన్నాచి కన్నులకు ఎండ తగులరాదని, గొడుగు పట్టి, ఆమె ముఖమునే చూచుచు వెనుకకు వెనుకకు నడచుచుండెను. శ్రీరంగమున ఉత్సవమునకు చేరిన జనము నవ్విరి. భగవద్రామానుజులు నవ్వలేదు. పిలిపించి కారణమడిగిరి. ఇట్టి కన్నులు లోకమున లేవు స్వామీ అని అతడు చెప్పెను. ఇంతకంటె అందమైనవి చూపినచో అని వారడిగి, శ్రీరంగనాథుని సన్నిధికి తోడ్కొనిపోయి ఆ దివ్యనేత్రములను చూపిరి. అతడు దాసుడయ్యెను. పొన్నాచియు శిష్యురాలయ్యెను. తరువాత కావేరీస్నానము చేసి మరలునప్పుడు రామానుజులు ఆ ధనుర్దాసుని భుజముపై చేయివేసి నడచెడివారని గురుపరంపర చెప్పుచున్నది.

ఈ కథను మనము చాలమార్లు వినియున్నాము. నాకు క్రొత్తగా తోచినదొక్కటే. మానవనేత్రములను చూడరాదని ఆచార్యులు చెప్పలేదు. రెప్పవాల్పక చూచు ఆ శక్తిని వారు ఆదరించిరి. మనస్సు నిలిపి దేనినీ చూడనివానికి శ్రీరంగనాథుని కన్నులను మాత్రము ఎట్లు చూపగలరు? అయితే ప్రతి వ్యామోహమును భక్తికి సోపానమే అనుటకు నాకు ధైర్యము చాలదు. ధనుర్దాసునకు రామానుజులు దొరికిరి. అందఱకు దొరకరు.

మఱునాడు నేనే పిల్లను పిలిచి బొమ్మ చూపుమంటిని. కొంత బ్రతిమాలించుకొని చూపినది. చూపుచు చెప్పిన సంగతులు నాకు ఆశ్చర్యము కలిగించినవి. తెల్లగ్రుడ్డు తెల్లనిది కాదట! అది గోళము గనుక రెండు కొలకుల వైపును నీడ దిగును. పైరెప్ప నీడయు దానిమీద పడును. అచట కాగితమును తెల్లగా విడిచినచో కన్ను బిళ్ళవలె బల్లపరుపుగా నుండును. నల్లగ్రుడ్డును పూర్ణవలయముగా వ్రాసినచో మనిషి ఉలికిపడినట్లు కనబడును గనుక దాని పైయంచును రెప్ప కొంత కప్పవలెను. క్రిందిరెప్పకు సన్నని మందము కలదు, దానిని మఱవరాదు. వెండ్రుకలు నిలువుగీతలు కావు, మొదట లావుగా నుండి, వంగి, కొనకు సన్నగిలును. నడుమనున్న పాప నిజముగా ఒక రంధ్రము. లోనికి పోయిన వెలుగు బయటికి దాదాపు రాదు గనుక అది నలుపు. దానికి మెత్తనిదైన 6బి పెన్సిలు వాడవలెను. అంత నలుపు నడుమ ఆవగింజంత చోట కాగితమును అట్లే విడిచినది.

"అది మెఱుపు తాతగారూ. దాన్ని గీయము, వదిలేస్తాము. అది లేకపోతే కన్ను చచ్చిపోయినట్టు ఉంటుంది" అన్నది.

కళ్ళజోడు సవరించుకొని చూచితిని. ఆ తెల్లచోటు నలుచదరముగా నుండెను. అదేమని అడిగితిని.

"మన వసారా కిటికీ."

నల్లగ్రుడ్డు చుట్టును వృద్ధులకుండు బూడిదవన్నె వలయము. కొలకులలో ముడుతలు. "ఎవరిదమ్మా ఈ కన్ను?" అని అడుగకుండనే నాకు తెలిసినది.

నిజము దాచనేల, మొదట నాకు కలిగినది గర్వమే. చిత్రసూత్రము కన్నులను అయిదు విధములుగా చెప్పినది: చాపాకారము, మత్స్యోదరము, ఉత్పలపత్రము, పద్మపత్రము, శాణాకృతి. చాపాకారము మూడు యవల కొలత, క్రిందికి చూచు ధ్యానదృష్టికి తగినది. మిగిలినవి క్రమముగా పెరిగి శాణాకృతికి పది యవలగును. పిల్ల వ్రాసిన కన్ను సగము రెప్ప వాలి, అచ్చముగా వింటివలె నుండెను. శాస్త్రము చదువకనే నాలో యోగిని చూచినది గదా అని మురిసి, ఆ మాటయే ఆమెతో అంటిని.

"అదేం కాదు తాతగారూ. మీరు ఎప్పుడూ పుస్తకంవైపే చూస్తారు కదా. పైకి చూస్తారేమోనని పది రోజులు చూశాను. చూడలేదు. అందుకని రెప్ప ఇంతే వచ్చింది."

తిరుమలలో శ్రీవారి నేత్రములను చాలభాగము పచ్చకర్పూరపు నామము కప్పియుండును. గురువారమునాడు ఆభరణములు సడలించి, నామమును తగ్గించినప్పుడు ఆ కన్నులు కనబడును. ఆ నేత్రదర్శనము కొఱకు ఎంతదూరమునుండియో వచ్చి గంటలకొలది నిలుచువారము మనము. నేనును నిలిచినవాడనే. ఇంటిలో మూడడుగుల దూరమున పది దినములు ఒక పిల్ల నా చూపుకొఱకు కాచియుండుట మాత్రము నాకు తెలియలేదు.

ప్రతిష్ఠాకాలమున జరుగు నయనోన్మీలనమును పలువురు చూచియుందురు. తెరలోపల శిల్పి బంగారు సూదితో బింబమునకు కన్ను తెఱచును. తంతు అంతటితో ముగియదు. తెర తీసి ఆ కన్నులయెదుట దూడతోకూడిన ఆవును, ధాన్యరాశులను, కన్యకలను నిలుపుదురు. తెఱచిన కన్నునకు వెంటనే ఎవరినో ఒకరిని చూపవలెను గదా. మన కంటిలోని మెఱుపును అట్టిదే. అది కన్ను పుట్టించుకొన్నది కాదు, ఎదుటినుండి వచ్చినది. (జీవుడు జ్ఞానస్వరూపుడేయని మన సిద్ధాంతము గనుక ఈ పోలికను మితిమీఱి లాగరాదు.) కనుపాపకు ఆ పేరెట్లు వచ్చెనో ఆనాడు గాని నేనాలోచింపలేదు. సంస్కృతమునను దానిని కనీనిక యందురు, కన్యాశబ్దమునకు చుట్టమైన పదము. ఎదుట నిలిచినవారి రూపము అందులో బొమ్మంతయై కనబడును. అమరకోశము నాకు బాల్యమునుండియు కంఠస్థము.

పుస్తకము మూసి ప్రక్కన పెట్టి, తలయెత్తితిని. పిల్ల ఎదుటికి వచ్చి కిటికీకి అడ్డముగా కూర్చున్నది. ఆమె నల్లగ్రుడ్లు నల్లనివి కావు, తేనెవన్నెవి. వానిని నేను అదివఱకు చూచియుండలేదు.

"కదలకండి తాతగారూ. ఈసారి మెఱుపులో కిటికీ మొత్తం లేదు, మధ్యలో నేనున్నాను" అని పెన్సిలు చెక్కుకొనినది.

ఆ చిత్రమునకు ఎనిమిది సాయంకాలములు పట్టినవి. శ్రీభాష్యము ఇంకను జిజ్ఞాసాధికరణముననే ఉన్నది.