మిత్రుడు ఎక్కని కొండ

వేప్పనపల్లి కృష్ణగిరి జిల్లాలో ఆంధ్ర, కర్ణాటక సరిహద్దుల దాపున నున్న ఊరు. ఇచ్చట ఒకే బేరము తెలుగులో మొదలై, కన్నడములో సాగి, తమిళములో ముగియుట వింత కాదు. అట్టి వీథిలో ఎదురెదురుగా అంగళ్లు గల ఇద్దరు మిత్రులను ఊహించుకొనవలెను. పిల్లల పెండ్లిండ్లు కాగానే ఇద్దరును కలిసి సమ్మేద శిఖరమునకు పోవలెననియు, డోలీ ఎక్కక కాలినడకనే కొండ ఎక్కి దిగవలెననియు అనుకొన్నారు. ఝార్ఖండ్ రాష్ట్రమున గిరిడి జిల్లాలోని పారసనాథ పర్వతమే సమ్మేద శిఖరము. ఇరువదినలుగురు తీర్థంకరులలో ఇరువదిమంది నిర్వాణము పొందిన స్థలము. మధువనము కడ బయలుదేరి, కొండపై టోంకులన్నియు దర్శించి తిరిగి వచ్చుటకు సుమారు 27 కిలోమీటర్ల నడక.

పెండ్లిండ్లయినవి. "ఈ యేడు వ్యాపారము సరిగా లేదు, వచ్చే యేడు చూతము" అని ఒకరు, "మోకాలి నొప్పి కొంచెము తగ్గనిమ్ము" అని మరియొకరు వాయిదా వేయుచుండగా సంవత్సరములు గడచినవి. ఒకనాటి ఉదయము ఎదుటి అంగడి తలుపు తెరువలేదు.

మిగిలిన మిత్రుడు దుఃఖము దిగమ్రింగి, "వాని కోరిక నేను తీర్చెదను" అని ప్రయాణమగును. కొండ ఎక్కి దిగి వచ్చి, "వాని యాత్ర పూర్తియైనది" అని వారి ఇంట చెప్పును. ఇంటివారు కన్నీరు తుడుచుకొందురు. ఇందు తప్పు పట్టదగినది ఏమియు లేదు. అయినను ఒక ప్రశ్న మిగులును. ఆ యాత్ర నిజముగా ఎవరి ఖాతాలో జమ యగును?

బాకీల సంగతి వర్తకులకు ఒకరు చెప్పనక్కరలేదు. చనిపోయినవాడు ఎవరికైన సొమ్ము ఇవ్వవలసియున్నచో మిత్రుడు చెల్లింపవచ్చును. అప్పిచ్చినవాడు సంతోషముగా పద్దు కొట్టివేయును. ఒకరి పేరనున్న హుండీని మరియొకరి పేరికి మార్చవచ్చును. కాని మందు ఒకడు మ్రింగిన వేరొకని జ్వరము తగ్గదు. ఉపవాసము ఒకడు చేసిన వేరొకని నాలుక అదుపులోనికి రాదు. కర్మ విషయమున జైన సిద్ధాంతము చెప్పునదియు ఇదియే. చేసినవాడే ఫలము పొందును. దేహము విడిచిన జీవుడు ఆలస్యము లేకయే తన కర్మానుసారముగ వేరొక జన్మమునకు పోవును. వెనుకనున్నవారు పంపు పుణ్యము కొరకు వాకిట కాచుకొని యుండడు.

"అట్లయినచో మిత్రుని పేర కొండ ఎక్కుట వ్యర్థమా?" అని ఎవరైనను అడుగవచ్చును. దీనికి సమాధానము తెలుగునాటనే జరిగిన ఒక వృత్తాంతములో దొరకును.

విజయనగరము దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు 1985లో భారత సైనిక దళముతో ఎవరెస్టు శిఖరమునకు బయలుదేరెను. ఆ యాత్రలో ఐదుగురు మరణించిరి. వారిలో ఆయన ఒకరు. ఆయన విగ్రహము ఆ పాఠశాలలో నెలకొల్పబడెను. నెల్లూరు జిల్లాలోని గాంధీజన సంఘమను పల్లెటూరిలో 1974లో పుట్టిన మల్లి మస్తాన్ బాబు బాల్యమున అచ్చటనే చదివెను. కొండలపై ఆయన మనస్సును మరల్చినది ఆ విగ్రహమే. 2006 జనవరి 19 మొదలు జూలై 10 వరకు, 172 దినములలో, ఏడు ఖండములందలి ఎత్తైన శిఖరములను ఆయన ఎక్కెను. వానిలో ఎవరెస్టును కలదు. ముందువాడు చేరజాలని చోటికి ఇరువదియొక్క యేండ్లకు వెనుకవాడు చేరెను.

ఇందువలన ఉదయ భాస్కరరావు ఎవరెస్టు ఎక్కినట్లయినదా? కాలేదు. ఎక్కినవారి పట్టికలో ఆయన పేరు చేరలేదు. అయినను ఆయన జీవితము లేకున్నచో ఆ పల్లెటూరి బాలుడు కొండల వైపు చూచి యుండునా? ఇచ్చటనే శాస్త్రకారులు చేసిన భేదము అక్కరకు వచ్చును. ఉపాదానము వేరు, నిమిత్తము వేరు. మొలకెత్తు శక్తి విత్తనములోనిదే, అది ఉపాదానము. వాన నిమిత్తము. నడిచిన కాళ్లు, బిగబట్టిన ఊపిరి మస్తాన్ బాబువి. ఆ కాళ్లను కదలించిన నిమిత్తము దివంగతునిది. జీవులు ఒకరికొకరు ఉపకారము చేయుటకే యున్నారని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున చెప్పిన మాటకు అర్థము ఇట్లు గ్రహింపవచ్చును. మిత్రుడు పుణ్యము బదలాయింపడు, మేలుకొలుపును.

అయితే మేలుకొలిపిన ప్రేమయే కట్టివేయుటయు కలదు. దీనికి గౌతమస్వామి కథ చాలును. ఆయన తన శక్తిచే అష్టాపద పర్వతమును ఎక్కెనని శ్వేతాంబర సంప్రదాయము చెప్పును. అంతటి కొండ ఎక్కినవానికి మహావీరస్వామిపై గల అనురాగము దాటుట కష్టమయ్యెను. పావాపురిలో కార్తిక అమావాస్య నాటి రాత్రి స్వామి నిర్వాణము పొందిన వార్త విని ఆయన పసిబాలునివలె విలపించెను. విలపించుచునే తెలిసికొనెను: స్వామికి రాగము లేదు, రాగమంతయు తనదే. ఆ ఎరుక కలిగినంతనే కేవలజ్ఞానము కలిగెను. గురువు విడిచిపోయిన పనిని ఆయన గురువు కొరకు పూర్తి చేయలేదు. తనలో మిగిలిన పనిని తాను పూర్తి చేసెను.

కావున వేప్పనపల్లి వర్తకునికి చెప్పదగిన మాట ఇది. మిత్రుడు కొండ ఎక్కవలెనని మనఃపూర్వకముగ సంకల్పించి యుండెను. ఆ శుభ భావమునకు కలుగవలసిన ఫలము ఆ భావముతోనే కలిగి, ఆయన వెంటనే పోయినది. ఆయన లెక్కలో కొరత పడినదని, దానిని పూడ్చవలెనని దిగులుపడనక్కరలేదు. కొరత యున్నది మిగిలినవాని లెక్కలోనే. "వచ్చే యేడు" అని పదియేండ్లు గడిపినవాడు ఇద్దరిలో ఒకడు కాదు, ఇద్దరును.

ఇంకొక మాట. 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో మస్తాన్ బాబు కనబడకపోయినప్పుడు, దేశ విదేశములందున్న ఆయన మిత్రులు ఆయనను వెదకించుటకు పూనుకొనిరి. ఏప్రిల్ నెలలో దేహము కనబడినది, స్వగ్రామమునకు చేరినది. స్నేహధర్మములో మొదటిది ఇట్టిదే. పోయినవాని అంగడి లెక్కలు చక్కబెట్టుట, ఆయనకు రావలసిన సొమ్ము వసూలు చేసి ఇంట చేర్చుట, కుమారునికి వ్యాపారము తెలియువరకు ప్రక్కన నిలుచుట, ఇవి కొండ క్రింది మెట్లు. వీనిని వదలి పైమెట్టు ఎక్కినవాడు యాత్రికుడే కాని మిత్రుడు కాడు.

ఈ మెట్లు ఎక్కిన పిమ్మట కొండకు పోవచ్చును. సగము దారిలో గుండె దడదడలాడిన, కూర్చుండవలెను. తప్పనిసరియైన, దిగిరావలెను. అది మాట తప్పుట కాదు, ఏలయనగా చనిపోయినవాడు సాక్షి సంతకము కొరకు పైన వేచియుండలేదు. శక్తి కొలది ఎక్కి పార్శ్వనాథుని టోంకు కడకు చేరినచో, "వాని బదులు వచ్చితిని" అని కాక "వాని వలన వచ్చితిని" అని తలచుకొన్న చాలును. ఆ ఒక్క మాట మార్పుతో దుఃఖము అప్పు కాక ఉపకారస్మరణ యగును. ఊరు చేరిన పిమ్మట, ఇంకొక మిత్రునితో ఏ మంచి పనిని గూర్చి యైనను "వచ్చే యేడు" అనకుండుటయే ఆ యాత్రకు నిజమైన ఫలము.