మంచుకొండపై దిగినవాడు

ఫలింపని మేలు మేలేనా? మన సంఘములలో ఈ ప్రశ్నను ఎవరును పైకి అడుగరు. గాని రోగి మంచమునొద్ద రాత్రియంతయు కూర్చుండి, తెల్లవారకమునుపే అతని కన్నులు మూసిన ప్రతివాడును లోలోపల అడుగుకొనును. ఒక యుద్ధ వైమానికుని సంగతి చూచి దీనిని ఆలోచింతము.

1950 డిసెంబరు 4వ తేదీన ఉత్తర కొరియాలోని చోసిన్ జలాశయము దగ్గర అమెరికా నౌకాదళపు కోర్సెయిర్ విమానములు మంచుకొండలపై తక్కువ ఎత్తున ఎగురుచుండెను. వాటిలో ఒకటి జెస్సీ బ్రౌనుది. ఆయన మిసిసిపీలో కౌలురైతు కుటుంబమున పుట్టినవాడు. ఆ నౌకాదళ వైమానిక శిక్షణ ముగించిన మొదటి నల్లజాతివాడు. నేలనుండి కాల్చిన గుండు తగిలి ఇంజను నూనె కారిపోసాగెను. ఎత్తు చాలదు గనుక పారాచూటుతో దూకుటకు వీలులేదు. తెల్లవాడైన తామస్ హడ్నర్ ప్రక్కనే యెగురుచు, పెట్రోలు ట్యాంకు విడువుము, రాకెట్లు విడువుము, పట్టీలు బిగించుము అని రేడియోలో ఒక్కొక్కటిగా జ్ఞాపకము చేసెను. బ్రౌను కలవరపడక చక్రములు దించకయే విమానమును కొండమీది చదునున దింపెను. విమానము నలిగిపోయెను, కాలు చిక్కుకొనెను, పొగ లేచెను. ఆయన చేయి ఊపుట పైవారికి కనబడెను, గాని ఆయన బయటికి రాలేదు.

అంతట హడ్నర్, ఏ లోపమును లేని తన విమానమును కావలెననియే ఆ కొండమీద కూలదింపెను. చేతులతో మంచు తీసి పొగమీద వేసెను. తన ఉన్ని టోపీని బ్రౌను తలకు పెట్టి, గడ్డకట్టిన చేతులకు మెడగుడ్డ చుట్టెను. హెలికాప్టరు వచ్చెను, గొడ్డలి తెచ్చెను. ఆ లోహముమీద గొడ్డలి పనిచేయలేదు. చీకటి పడుచుండెను. తన ప్రేమను భార్యయైన డెయిజీకి తెలుపుమని చెప్పి, బ్రౌను క్రమముగా స్పృహ తప్పెను. వారు ఆయనను విడిచి వెళ్లవలసివచ్చెను.

ఒక మంచి విమానము పోయెను. ఒకనికి బదులు ఇద్దరిని తేవలసిన భారము హెలికాప్టరుపై పడెను అని లెక్కచూచువారందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. ఏ సేనాధిపతియు అట్టి కార్యమును నియమముగా వ్రాయజాలడు. కాలు చిక్కిన సంగతి పైనుండి తెలియలేదు గనుక ఆయనయందు తప్పులేదని కొందరు సమర్థింతురు. అది నిజమే గాని చాలదు. తెలిసియుండినయెడల దిగుట తప్పయ్యెడిదా? కాదనియే నా తలంపు. బ్రౌనుకు కాలు విడిపించువాడు కావలెను. ఆ మంచులో ఒంటరితనము తీర్చువాడును కావలెను. మొదటిది హడ్నర్ చేతకాలేదు. రెండవది, బ్రౌనుకు తెలివియున్నంతవరకు, ఆయన చేసెను. బేతనియలో అత్తరు పోసిన స్త్రీని చూచి శిష్యులు బీదల పేరట లెక్క కట్టిరి. ఆ లెక్కలో కూడికల తప్పేమియు లేదు. వారి పుస్తకములో ఒక పద్దే లేదు.

నాకైతే దిగుటకంటె లేచిపోవుటయే కఠినముగా తోచుచున్నది. హెలికాప్టరు నడిపిన చార్లెస్ వార్డు ఆ కొండలలో చీకటిలో ఎగురజాలడు. అక్కడ నిలిచినయెడల మరి ఇద్దరు చచ్చుటే. లెక్క చూడక దిగిన ప్రేమయే అక్కడ లెక్క చూడవలసివచ్చెను. అందుచేత అది చిన్నది కాలేదు.

1951 ఏప్రిల్ 13న అధ్యక్షుడు ట్రూమన్ హడ్నర్‌కు పతకము నిచ్చినప్పుడు డెయిజీ అక్కడ ఉండెను. 2013లో, 88వ ఏట, హడ్నర్ స్నేహితుని అస్థులకొరకు ఉత్తర కొరియాకు వెళ్లెను. వర్షములు దారి మూసివేసెను. ఆయన వట్టి చేతులతో తిరిగివచ్చెను.