థాంక్స్ చెప్పని ఇల్లు

సహోదరీ సహోదరులకు వందనములు.

మన సంఘాలలో ఈ ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. ఎదురుపడినప్పుడు వందనాలంటాము, ఎవరైనా మేలు చేసినప్పుడూ వందనాలే అంటాము. దానిని పక్కన పెడితే ఇంట్లో రోజూ వాడుకోవడానికి తెలుగులో ఉన్న మాట ఏది? ధన్యవాదాలు సభలో ఆఖరి అంశము. కృతజ్ఞతలు అభినందన పత్రములో రాసేది. కూర వడ్డించిన భార్యతో ‘ధన్యవాదాలు’ అన్న భర్తను మేమింతవరకు చూడలేదు. ఎవరైనా అంటే ఆమె జ్వరమేమోనని అతని నుదురు పట్టి చూస్తుంది.

ఇంగ్లాండులో కాపురమున్న సంవత్సరాలలో ఈ ప్రశ్న మమ్మల్ని పట్టుకున్నది. అక్కడ ఆ మాట లేకుండా పొద్దు గడవదు. దుకాణములో చిల్లర ఇచ్చినవాడు థాంక్యూ అంటాడు, పుచ్చుకున్నవాడూ థాంక్యూ అంటాడు. చాలా ఊళ్ళలో బస్సు దిగేవారు డ్రైవరుకు ఆ మాట చెప్పి దిగుతారు. పిల్లవాని పుట్టినరోజు జరిగితే ఎవరు ఏ బహుమతి ఇచ్చారో తల్లి కాగితము మీద రాసుకుని, తరువాత వాడిని కూర్చోబెట్టి ఒక్కొక్కరికీ చిన్న ఉత్తరము రాయిస్తుంది. అందుకు కావలసిన కార్డులకు దుకాణాలలో వేరే అరలే ఉంటాయి.

అటువంటివారి మధ్యకు వెళ్తే మనము మొరటువారిగా కనిపిస్తాము. మన వినయమంతా క్రియాపదములో ఉండడమే దీనికి చాలావరకు కారణము. ‘కాస్త మంచినీళ్ళిస్తారా’ అంటే చాలును. గౌరవము, మనవి రెండూ ఆ ‘ఇస్తారా’లోనే వచ్చేస్తాయి. అదే మాటను ఇంగ్లీషులోకి మార్చి ప్లీజ్ చేర్చకుండా అడిగితే ఆజ్ఞ అయిపోతుంది. తాను మర్యాదగానే అడిగానని మనవాడు అనుకుంటాడు, ఎదుటివాడు నొచ్చుకుంటాడు. (విదేశము వెళ్ళేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పి పంపరు. పచ్చళ్ళ మూటకు చూపించే శ్రద్ధలో పదోవంతు దీనికి చూపితే బాగుండును.)

అయితే నోటితో చెప్పనివాడు కృతజ్ఞత లేనివాడేనా? కాడని మా అభిప్రాయము. కృతజ్ఞుడంటే చేసినదానిని ఎరిగినవాడు. ఆ మాటలో ఎరుక ఉన్నదే గాని పలుకు లేదు. తమిళనాడులోని మనవారికి తిరుక్కురళ్ పరిచయమే. అందులో పదకొండవ అధ్యాయము పేరు ‘సెయ్‌నండ్రి అరిదల్’, చేసిన మేలును ఎరుగుట అని అర్థము. అక్కడా ఎరుగుటే. మేలు మరచినవానిని తిట్టడానికి మాత్రం మనకు మాటలు కరువు లేదు. ఉప్పు తిన్న విశ్వాసము లేనివాడంటాము, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటాము. చెప్పకపోయినా ఊరుకుంటాము గాని, మరిస్తే క్షమించము.

ఎరిగిన సంగతి ఎదుటివారికి తెలిసేదెలా? మన పెద్దలు గిన్నెతో తెలియజేశారు. ఇరుగింటివారు కూర పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్ళదు. రెండు రోజులు ఆలస్యమైనా మన ఇంట్లో ఏదైనా చేసినప్పుడు అందులో వేసి పంపుతాము. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదార అయినా వేస్తాము. కోలారు బంగారు గనుల లైను ఇళ్ళలో పెరిగినవారిని అడగండి. 2001లో గనులు మూతపడడానికి ముందు తెలుగింటికీ తమిళింటికీ నడుమ గోడ ఒక్కటే, గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోలేదు. చెప్పుకుంటే లెక్క తీరిపోయినట్టుండేది, అది తీరాలని ఎవరికీ లేదు.

ఇంగ్లాండులో మా పక్కింటి పెద్దావిడకు ఒకసారి పులిహోర పంపాము. మరునాడే గిన్నె వచ్చింది, తళతళలాడేటట్టు తోమి, ఖాళీగా. దానితోపాటు పూల బొమ్మ ఉన్న కార్డు, లోపల ఆమె స్వహస్తముతో నాలుగు వరుసలు. మాలో ఒకరికి ఆ ఖాళీ గిన్నె చూసి మనసు చివుక్కుమన్నది, మరొకరికి ఆ కార్డు చదివి కళ్ళు చెమర్చాయి. ఆ సాయంత్రమంతా ఇంట్లో అదే చర్చ. నిదానముగా ఆలోచిస్తే, మోకాళ్ళ నొప్పులతో ఆమె దుకాణానికి వెళ్ళి, కార్డు ఎంచుకుని, కూర్చుని రాసింది. మనము పొయ్యి దగ్గర చేసే పనినే ఆమె కలముతో చేసింది.

మాట పద్ధతికి ఒక గొప్ప సుగుణమున్నది. మళ్ళీ ఎన్నడూ కనబడనివారికి కూడా అది చేరుతుంది. బస్సు డ్రైవరుకు గిన్నె పంపలేము గదా! సువార్తలో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే తిరిగి వచ్చి చెప్పినవాడు ఒక్కడు, వాడూ పరదేశి. మన తెలుగువారమైతే ఆ తొమ్మిదిమందిలో ఉండి, మనసులో ఎరిగే ఉన్నామని సమాధానము చెప్పుకునేవారమేమో.

చిక్కంతా ఇంటి లోపలే. అక్కడ మాకు తెలిసిన ఒక కుటుంబములో కోడలికి రెండవ కాన్పు అని తల్లిని పిలిపించారు. సందర్శకుల వీసా మీద సాధారణముగా ఆరు నెలలు ఉండవచ్చును, ఆమె ఆరు నెలలూ ఉన్నది. మనవడికి ఆరేళ్ళు. బడిలో నేర్పిన ప్రకారము అన్నము పెట్టిన ప్రతిసారి ‘థాంక్యూ నాయనమ్మా’ అనేవాడు. మూడోరోజు ఆమె కంట నీరు పెట్టుకున్నది. “నేనేమన్నా పరాయిదాన్నా నాయనా, హోటలువాడినా?” అని అడిగింది. పిల్లవాడు బెదిరిపోయాడు. తల్లి వాడిని దగ్గరకు తీసుకుని, నాయనమ్మకు ఎట్లా చెప్పాలో నేర్పింది. అప్పటినుండి వాడు “బాగుంది నాయనమ్మా, ఇంకొంచెం పెట్టు” అనేవాడు. తెలుగులో థాంక్స్ అంటే అదేనని మాకూ అప్పుడే తోచింది. బడిలో ఒక మర్యాద, ఇంట్లో ఒక మర్యాద; వాడికి ఏ ఇబ్బందీ లేకపోయింది.

ఇబ్బంది తండ్రితో వచ్చింది. “తల్లికి థాంక్సేమిటండీ, అది మన సంస్కృతి కాదు” అని మాతో గర్వముగా అనేవాడు. మాట నిజమే. మరి గిన్నె సంగతి? ఆమె పసిబిడ్డకు స్నానము చేయించింది, రెండు పూటలా వండింది, చలిలో నడిచి వెళ్ళి మనవడిని బడినుండి తెచ్చింది. తెలుగు ఆరాధనకు తీసుకుపొమ్మని అడిగితే దూరమని రెండుసార్లే తీసుకువెళ్ళారు. మనవారిలో చాలామంది ఇంగ్లీషువారి మాటను పైపై మర్యాద అని ఎగతాళి చేస్తారు, మన గిన్నెను మాత్రం తిరిగి పంపరు. ఇటు మాటా లేదు, అటు గిన్నే లేదు. దానికి సంస్కృతి అని పేరు పెట్టడము మాకు న్యాయముగా తోచదు.

డబ్బు పంపుతున్నాము గదా అనవచ్చును. డబ్బును మేము తక్కువ చేయము, దానితోనే ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. ఆ కొడుకూ నెలనెలా తప్పకుండా పంపుతాడు. ఆమెకు కంటి శుక్లాల ఆపరేషను చేయాలన్నారు. పక్కన ఎవరుంటారని డాక్టరు అడిగితే “మా అబ్బాయి పంపిస్తాడండీ” అన్నదట. ఈ సంగతి మా ద్వారానే అతనికి తెలిసింది. రెండు వారాలు సెలవు అడిగాడని విన్నాము. టికెట్టు ఇంకా కొనలేదు.